టైముకి వెళ్ళిన బండి

పోయిన వారం లక్ష్మీనరసమ్మని బిలాస్‌పూర్‌లో తెలిపారా అనే బజారులో ముల్లంగి కట్టల ముందు నిలబెట్టి మనం ఇంటికి వచ్చేశాం. ఆవిడ మనసు ఇంకా అక్కడే నిలబడి ఉంది. పెళ్ళి మాట అడగడానికి వస్తానన్న రోజు తరవాత మళ్ళీ పదహారేళ్ళకి కనపడ్డ రైలు గార్డు త్రినాథరావు ఆవిడని ఆపి, "ఆ రోజు నేను వచ్చేను నరసా. నీకు తెలీదు. తెలిస్తే బయటికి రాకుండా ఉంటావేటి?" అన్నాడు. భార్య పోయి నాలుగేళ్ళయిన మనిషి. నాగపూర్‌కి బదిలీ అయింది, సోమవారం బండెక్కుతాడు. ఆ లోపల తనతో వస్తుందో రాదో ఒక్క మాట చెప్పమన్నాడు. నరసమ్మ చెప్పలేదు. ముల్లంగి కూడా కొనలేదు.

ఇప్పుడే మనతో కలిసినవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు. నరసమ్మ అన్నగారు రమణమూర్తి బిలాస్‌పూర్ కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరు. చెవికి ఫోను తగిలించుకుని, ఏ బండి ముందు పోవాలో ఏది పక్క లైన్లో పడి ఉండాలో చెప్పే ఉద్యోగం. అమ్మా నాన్నా ముందే పోతే చెల్లెల్ని తనే పెంచాడు. "చెల్లి పెళ్ళి కాకుండా నాకేటి పెళ్ళి" అన్నాడు. చెల్లెలు, "అన్నయ్యకి వండిపెట్టే మనిషి రాకుండా నేనెలగ ఎల్తాను" అంది. ముందు మీరంటే ముందు మీరని ఇద్దరూ గుమ్మం దగ్గరే ఉండిపోయారు. ఆయనకి నలభై ఏడు, ఆవిడకి నలభై ఒకటి వచ్చాయి. కాలనీలో అందరూ వాళ్ళని ఆదర్శ అన్నాచెల్లెళ్ళు అంటారు. పొగడ్తకేం, ఊరికే వస్తుంది.

డ్యూటీ లేనప్పుడు రమణమూర్తి నాటకాలు రాస్తాడు. ఈ ఎనభై తొమ్మిది డిసెంబరులో తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఆయన రాసిన నాటకం పేరు 'ఆగని బండి'. అడవిలో ఒక చిన్న స్టేషను. స్టేషన్ మాస్టరు రాఘవ, అతని చెల్లెలు జానకి. జానకిని చేసుకుంటానన్న బడిపంతులు ప్రసాదు ఒక రోజు పాసింజరులో వస్తానని మాటిస్తాడు. బండి వస్తుంది, ప్రసాదు రాడు. అన్నగారు చెల్లెలి కన్నీళ్ళు తుడిచి, "నేనున్నానమ్మా" అంటాడు. తెర పడుతుంది. రిహార్సల్లోనే కొందరు ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఇంకేం, ప్రైజు ఖాయమనుకున్నారు.

రైల్వే కాలనీ నాటకాలకి ఒక పద్ధతి ఉంది. హీరోయిన్ విజయనగరం నించి వస్తుంది, అదీ ప్రదర్శనకి రెండు రోజుల ముందు. అప్పటిదాకా ఆవిడ మాటలు ఇక్కడి వాళ్ళెవరో ఒకరు ప్రాక్సీ చదువుతారు. ప్రాక్సీకి నియమం ఒకటే. భావం పెట్టకూడదు. పెడితే ఎదుటి నటుడు దానికి అలవాటు పడిపోయి, అసలావిడ వచ్చాక తడబడతాడు. నెల్లాళ్ళుగా జానకికి ప్రాక్సీ నరసమ్మే. బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు ఒక్కొక్క మాటా ఏరి పక్కన పెట్టేది. ఇంత చక్కగా భావం లేకుండా చదివే మనిషి దొరకడం అదృష్టమని రమణమూర్తి అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్‌కి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో అందరూ చేరారు. ఆ రోజు మాధవీలత వచ్చింది. నెహ్రూ నగర్‌లో కాపురం, భర్త బొగ్గు కంపెనీలో ఇంజనీరు. తను ఇక్కడి కాలేజీలో సైకాలజీ చెబుతుంది. పాతికేళ్ళు దాటి ఎన్నాళ్ళో కాలేదు, చదువింకా పొయ్యి మీంచి దించిన వేడితోనే ఉంది. పాత్రల మనస్తత్వం గురించి నటులకి నాలుగు మాటలు చెప్పమని రమణమూర్తే పిలిచాడు. నాలుగు మాటలంటే నాలుగు పొగడ్తలని ఆయన ఉద్దేశం. పాపం, ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"మీ రాఘవ ఆకలి నాకు చాలా నచ్చిందండీ," అని మొదలుపెట్టింది.

"ఆకలేటమ్మా?" అన్నాడు రమణమూర్తి.

"ఆఖరి సీన్లో. ప్రసాద్ రాలేదని చెల్లెలికి చెబుతాడు. ఆ వెంటనే, 'ఆకలేస్తంది, అన్నం పెట్టమ్మా' అంటాడు. చెల్లెలి బతుకు అక్కడ కూలిపోయింది. ఆ నిమిషంలో అన్నకి ఆకలేస్తుందా? ముద్ద దిగుతుందా?"

"అది సహజత్వం కోసమమ్మా. డ్యూటీ దిగిన మనిషి అన్నం అడగడా?"

"అడుగుతాడండీ. గండం గడిచినవాడు అడుగుతాడు. పరీక్ష పాసైన పిల్లాడు ఇంటికొచ్చి అడగడూ, అలాగ."

హాల్లో నవ్వులు లేచాయి. ప్రసాదు వేషం వేస్తున్న మనోజ్ తెలుగు చదవలేక తన మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకున్న కుర్రాడు. వాడికీ బోధపడింది. "సహీ బాత్ హై మేడమ్! ఆయన రిలీఫ్ అయిపోయేడు, హై న?" అన్నాడు.

"అదే. ఇంకొకటి చూడండి. రాఘవకి ఆ లైన్లో నడిచే బండ్ల నంబర్లన్నీ నోటికే. ఒక్కటీ తప్పు చెప్పడు. అలాంటి మనిషి రెండో సీన్లో బిలాస్‌పూర్ వెళ్ళి ఉప్పు తెచ్చాడు, కిరసనాయిలు తెచ్చాడు, చెల్లెలి పెళ్ళి చీర మర్చిపోయి వచ్చాడు. మనం మర్చిపోయామనుకునేవి అన్నీ ఊరికే మర్చిపోమండీ. పెళ్ళి చేస్తానంటున్న మనసు కింద ఇంకో మనసుంది. అది చెల్లెల్ని పంపనంటోంది. దాని మాట రాఘవకే వినపడదు. అతని చేతులకి వినపడుతుంది, అవి చేసేస్తాయి."

రమణమూర్తి ముఖం ఎర్రబడింది. "రాఘవ పెళ్ళి చెయ్యాలనే చూసేడమ్మా. రాసినవాణ్ణి నేను. నేను పుట్టించిన పాత్రకి నాకు తెలియని మనసు ఎక్కణ్ణించొచ్చింది?"

"తెలిసుంటే రాసేవారు కాదేమోనండీ," అంది మాధవీలత. ఆవిడకి ఆయన్ని నొప్పించాలని లేదు. చదువుకున్నది నిజమని కళ్ళ ముందు కనపడుతుంటే నోరు ఊరుకోవడం కష్టం. "జానకి సంగతీ అంతే. స్టేషన్ క్వార్టరు. ఎదురుగా ప్లాట్‌ఫారం. పొద్దుటినుంచీ ఆ మనిషి కోసం కొట్టుకుపోతున్న పిల్ల, బండి వచ్చి ఆగితే వంటింట్లో ఎందుకుంటుంది? గుమ్మంలోకి రాదూ?"

"ప్లాట్‌ఫారం సెట్టు ఎవులేస్తారమ్మా?" అన్నాడు పైడిరాజు. రాఘవ వేషం ఆయనది. గూడ్సు డ్రైవరు, ఇంత మీసం. మళ్ళీ నవ్వులు.

"సెట్టు లేకపోయినా గుమ్మం ఉంది కదండీ. నా అనుమానం చెప్పనా? ఆ రోజు ప్రసాద్ వచ్చాడు. రాఘవే వెనక్కి పంపేశాడు. పంపేసి, ఆ సంగతి తన దగ్గర కూడా దాచుకున్నాడు."

ఈసారి నవ్వింది మనోజ్ ఒక్కడే. రమణమూర్తి కుర్చీలోంచి లేచి, "చాలమ్మా, చాలా సంతోషం," అన్నాడు. ఆ గొంతులో సంతోషం లవలేశమూ లేదు. "పైడిరాజు గారూ, ఆఖరి సీను మొదలెట్టండి. టైమవుతంది."

ఇంతసేపూ నరసమ్మ గోడ వారన టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. టీ చల్లారిపోయింది. ఆవిడ తాగలేదు. మాధవీలత ప్రసాదు వచ్చాడన్నప్పుడు ఆవిడ కళ్ళ ముందుకి వచ్చింది ప్రసాదు కాదు. త్రినాథరావంటే ఆవిడకి ఇష్టం. ఇరవై అయిదో ఏట పుట్టిన ఇష్టం, మనిషి తల నెరుస్తున్నా అది మాత్రం నెరవలేదు. ఇన్నేళ్ళలో ఆయన పేరు ఒక్కసారి కూడా పైకి అనలేదు. పాసింజరు కూత వినపడితే మటుకు చేతిలో గరిట ఆగిపోయేది. ఆయన ఎక్కడో వేరే డివిజన్లో పెళ్ళాం పిల్లలతో ఉన్నాడని తెలిసీ ఆగిపోయేది. ఆ ఆగడం అన్నగారు ఎన్నడూ గమనించలేదు. గమనించి ఊరుకున్నాడేమో కూడా ఆవిడకి తెలియదు.

సీను మొదలైంది. పైడిరాజు తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చి, టోపీ తీసి, తల వంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడు జానకి, "ఆయన రాలేదా అన్నయ్యా?" అనాలి. నరసమ్మ అనలేదు. పక్కనించి ప్రాంప్టరు అందించాడు. అయినా అనలేదు. పైడిరాజు భుజం మీంచి చూస్తోంది. అక్కడ కుర్చీలో రమణమూర్తి ఉన్నాడు.

"వచ్చేడు కదా అన్నయ్యా," అంది.

"అది కాదు నరసమ్మగారూ, 'రాలేదా' అనాలి," అన్నాడు పైడిరాజు మెల్లిగా.

"వచ్చేడు. తెల్ల కోటేసుకున్నాడు. పచ్చ జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంజన్‌కి నీళ్ళు పట్టే గొట్టం దగ్గర నువ్వూ ఆయనా నిలబడి మాటాడుకున్నారు. ఆయన మన క్వార్టరు వైపు తిరిగి చూసేడు. నేను వంటింటి కిటికీలోంచి చూసేను."

నెల్లాళ్ళలో మొదటిసారి ఆవిడ మాటల్లోకి భావం వచ్చింది. నియమం తప్పిందని ఎవరూ అనలేకపోయారు.

"వైట్ కోట్ ఏటి? ప్రసాద్ టీచర్ హై న?" అని మనోజ్ తన కాగితాలు తిరగేశాడు.

రమణమూర్తి లేచి నిలబడ్డాడు. "నువ్వు చూసేవా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో మాధవీలతకి అంతా అర్థమైంది. నాటకమనుకుని తను వేలు పెట్టి కెలికింది ఎవరి పుండో తెలిసి ఆవిడ ముఖం పాలిపోయింది. గబగబా నరసమ్మ దగ్గరికి వచ్చింది. "నరసమ్మ గారూ, నేను నాటకం గురించేనండీ... నాకు తెలీదు..."

"మీరేటీ తప్పనలేదమ్మా. అన్నయ్య ఆకలి పట్టుకున్నారు, నా వంట పట్టుకోలేదు, అంతే." నరసమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆయనొస్తాడని ఆ రోజు తెల్లారిందగ్గిర్నించి నా గుండి ఒక చోట లేదు. వస్తే బండి ఆగిన అరగంటలో మనింట్లో భోంచేసే ఎల్తాడని తెలుసు. అయినా బియ్యం ఇద్దరికే పోసేను. అన్నయ్యకి ఇష్టమని ఆనపకాయ పులుసు పెట్టేను. వచ్చే మనిషికి ఏటిష్టమో ఆలోచనే లేదు. బండి ఆగింది, ఆయన దిగేడు, చూస్తన్నాను. కాళ్ళు కదల్లేదు. మీ సైకాలజీలో దాన్నేటంటారమ్మా?"

మాధవీలతకి పుస్తకంలో పెద్ద పెద్ద మాటలున్నాయి. అవేవీ వాడలేదు. "భయమంటారండీ," అంది.

"ఆ. భయమే," అంది నరసమ్మ. చల్లారిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి హాలు దాటి వెళ్ళిపోయింది. రమణమూర్తి ఆవిడ వెనకే వెళ్ళాడు. రిహార్సల్ ఉందో లేదో చెప్పే దిక్కు లేక మిగిలినవాళ్ళు కాసేపు అలాగే కూర్చున్నారు.

ఇన్‌స్టిట్యూట్ నించి క్వార్టర్లకి ఎంతో దూరం లేదు. నరసమ్మ ముందు, ఆయన వెనక. ఎదురైనవాళ్ళు నమస్కారం పెడుతుంటే రమణమూర్తి అలవాటుగా చెయ్యెత్తుతున్నాడు. ఇంటికొచ్చాక వరండాలో ఆవిడ మెట్టు మీద కూర్చుంది. ఆయన తాళం తియ్యకుండా తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.

"పదహారేళ్ళు తెలిసీ ఊరుకున్నావా నరసా?"

"ఆయన రాలేదని చెప్పి నువ్వు పదహారేళ్ళు ఊరుకోలేదా?"

నరసమ్మ తల ఎత్తింది. "ఆయన వచ్చేడని నాకు తెలుసు. నువ్వు ఏటన్నావో తెలీదు. అది చెప్పు అన్నయ్యా. నాకు ఇష్టం లేదని చెప్పేవా? వేరే సంబంధం కుదిరిందన్నావా? ఇన్నాళ్ళూ రోజుకో మాట ఊహించుకున్నాను. ఒక్కో రోజు, నేను చచ్చిపోయేనని చెప్పేవేమో అని కూడా అనుకున్నాను."

"ఒసే, ఏటా మాటలు!"

"మరేటన్నావు?"

"లోపలికెల్లి నిన్నే అడగమన్నాను."

ఆవిడ నమ్మలేదు. అబద్ధమంది.

"ఒట్టు. అమ్మ మీద ఒట్టు. 'నరస లోపలున్నాది, ఎల్లి అడుగు, అది వస్తానంటే నేను కాదన్ను' అన్నాను. ఆడు క్వార్టరు వైపు నాలుగడుగులు వేసేడు కూడా."

"మరి?"

"సిగ్నల్ పడిపోయింది."

ఆ స్టేషను పెండ్రా వెళ్ళే దారిలో, ఘాటు కింద, అడవి మధ్యలో ఉండేది. రమణమూర్తి అప్పట్లో అక్కడ స్టేషన్ మాస్టరు, ఇద్దరూ అయిదేళ్ళున్నారు. అక్కడ బండి ఎలా ఆగుతుందో ఎలా కదులుతుందో నరసమ్మకి కొత్తగా చెప్పనక్కర్లేదు. పై స్టేషన్ నించి లైన్ క్లియర్, అంటే లైన్ ఖాళీగా ఉంది పంపమన్న మాట, వస్తేనే ఇక్కడ సిగ్నల్ రెక్క కిందికి పడుతుంది, బండికి దారి దొరుకుతుంది. "ఎవులేసేరు సిగ్నలు?" అని అడిగింది.

రమణమూర్తి గోడకి ఆనుకున్నాడు. ఉన్నట్టుండి పదేళ్ళు ముసలాడైపోయినట్టు కనపడ్డాడు. "నీకు తెలుసు కదా. అక్కడ ఏ బండైనా టైముకి కదిలిందేటి ఎప్పుడైనా? పై స్టేషన్ వాడు లైన్ క్లియర్ ఇవ్వడానికి అరగంట తీసుకునేవాడు. జనం దిగి ఉసిరికాయలు ఏరుకొని, తిని, మళ్ళీ ఎక్కేవారు. నేను రోజూ ఫోన్ చెయ్యడం మానేసి కూర్చునేవాణ్ణి, ఇచ్చినప్పుడే ఇస్తాడని. ఆ రోజు ఆడొస్తాడని నాకూ తెలుసు. బండి కాసేపు ఆగితే బాగుణ్ణు, నా చెల్లితోటి మాటాడుకుంటాడని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను నరసా. అనుకుంటూనే ముందుగా పైకి ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసేసుకున్నాను. నా చేత్తోటే సిగ్నల్ దించేను. ఆ స్టేషన్లో నా సర్వీసంతటిలో టైముకి వెళ్ళింది అదొక్క బండే."

నరసమ్మ మెట్టు మీద ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"తప్పేటి, డ్యూటీ చేసేను అనుకున్నాను. ఆఫీసులో అడిగినా ఎవులూ తప్పనరు. బండి టైముకి పంపినోడికి మెమో ఇస్తారేటి? ఇవాళ ఆ పిల్ల ఆకలి అన్నదాకా డ్యూటీయే అనుకున్నాను." ఆయన తాళంచెవి పిడికిట్లో బిగించాడు. "నిజంగానే ఆకలేసింది నరసా ఆ రోజు. అంత ఆకలి నాకు మరెప్పుడూ వెయ్యలేదు. నువ్వు పెట్టేవు, నేను తిన్నాను."

నరసమ్మకి కోపం రావలసింది. వచ్చింది కూడా, కానీ నిలబడలేదు. నిజం చెప్పాలంటే అన్నగారి తప్పు మీద ఆనుకుని ఆవిడ ఇన్నేళ్ళు బతికింది. తను కదల్లేదన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా, అన్నయ్యే పంపేశాడులే అని తనకి తనే సర్ది చెప్పుకునేది. ఇప్పుడు ఆ ఆధారం సగం జారిపోయింది. అన్న లోపలికి వెళ్ళమన్నాడు, బండి తొందరగా పంపాడు. రెండూ చేశాడు. తనూ అంతే, ఎదురుచూసింది, ఇద్దరికే వండింది. ఈ మనిషిని తిట్టాలంటే ముందు తనని తిట్టుకోవాలి. ఆవిడకి ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. ఆయన దగ్గరికి రాబోయి, రాకుండా ఆగిపోయాడు.

"ఆయన మళ్ళీ అడిగేడు అన్నయ్యా," అంది చివరికి. "పోయిన వారం తెలిపారాలో కనపడ్డాడు. ఆ రోజు తను వచ్చినట్టు నాకు తెలీదనుకుంటన్నాడు. రేపు నాగపూర్ వెళ్ళిపోతన్నాడు. తనతోటి రమ్మన్నాడు."

రమణమూర్తి చేతిలో తాళంచెవి కింద పడింది. వంగి తీసుకున్నాడు. తలుపు తాళం తీశాడు. లోపలికి వెళ్ళకుండా గుమ్మం పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

"నీకు వెళ్ళాలని ఉందా?"

"ఉంది," అంది నరసమ్మ. ఈ మాట పైకి అనడం ఆవిడకిదే మొదలు. "చాలా ఉంది."

"అయితే ఎల్లు. ఈసారి నేనే వచ్చి బండెక్కిస్తాను." ఆయన గడగడా చెప్పుకుపోయాడు, ఆగితే మాట మారిపోతుందేమోనని భయపడుతున్నట్టు. "ఒక్క మాట విను. నువ్వు కిటికీలోంచి చూసేవని మాత్రం ఆడికి చెప్పకు. నీకు తెలీదనే కదా ఆడనుకుంటన్నాడు? అలాగే అనుకోనీ. మొత్తం నేనే దాచేనని చెప్పు. ఆడి దగ్గిర నేను చెడ్డోణ్ణయితే ఏటిపోయింది? మగోడు, చూసీ రాలేదంటే ఓర్చుకోలేడు."

"అబద్ధం మీద ఎల్లనా అన్నయ్యా?"

"ఇన్నాళ్ళూ మనం బతికింది దేని మీదేటి?"

ఆ మాటకి నరసమ్మ ఆయన్నే చూసింది. ఈ మనిషి తనని కదలనివ్వలేదు. ఇప్పుడు తను కదలడం కోసం లేని పాపం కూడా నెత్తిన పెట్టుకుంటానంటున్నాడు. ప్రేమ కాదని ఎలా అంటుంది? ప్రేమే. దానివల్లే వచ్చింది చిక్కంతా. లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది, బొట్టు దిద్దుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. వెళ్తూ, "పులుసు ఉన్నాది, వేడి చేసుకొని తిను. నా కోసం చూడకు," అంది. అన్నగారికి తనే వేడి చేసుకొమ్మని చెప్పడం ఆవిడ జన్మలో లేదు.

త్రినాథరావు ఈమధ్యే వచ్చి దిగిన క్వార్టరు స్టేషనుకి ఆ పక్కన, గార్డుల లైన్లో ఉంది. నరసమ్మ వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. తలుపు తీసే ఉంది. ఆయన ముందు గదిలో గచ్చు మీద కూర్చుని పరుపు చుట్టి తాడుతో బిగిస్తున్నాడు. తల దాదాపు తెల్లబడింది. చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది. ఆ చేతులు మాత్రం మారలేదు. నరసమ్మకి ఆ చేతులు చూస్తే చాలు, వచ్చిన పని మర్చిపోయి అక్కడే కూర్చోవాలనిపించింది. అన్నయ్య చెప్పినట్టు చేస్తే అది కుదురుతుంది. ఒక్క మాట మింగితే చాలు, మిగిలిన బతుకంతా ఆ చేతుల పక్కన గడిచిపోతుంది.

ఆయన తలెత్తి చూసి లేవబోయాడు. "కూర్చోండి," అంది. కూర్చుంటే చెప్పలేనని తను గుమ్మంలోనే నిలబడింది.

"మీరొచ్చినట్టు నాకు తెలీదన్నారు బజార్లో. నేను అప్పుడు ఊరుకున్నాను. నాకు తెలుసు. మీరు బండి దిగడం చూసేను, అన్నయ్యతోటి మాటాడ్డం చూసేను. కిటికీ దగ్గిరే ఉన్నాను. పిలిస్తే వినపడేంత దూరం. చూసీ రాలేదు. అన్నయ్య ఆపలేదు నన్ను. ఇది చెప్పకుండా మీతో రాలేను. ఇది విన్నాక వద్దంటే రాను."

త్రినాథరావు బిగిస్తున్న తాడు వదిలేశాడు. కోపం రాలేదు. ఆశ్చర్యం కూడా పడలేదు. అది చూసే నరసమ్మకి భయం వేసింది.

"నాకు తెలుసు నరసా," అన్నాడు. "నువ్వు నన్ను చూడ్డం నేనూ చూసేను."

"మరి నాకు తెలీదని ఎందుకన్నారు?"

"నీకు ఒక సాకు అందించేను. పట్టుకొని వచ్చేస్తావనుకున్నాను. నువ్వు పట్టుకోలేదు." ఆయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. "మీ అన్నయ్య ఏటనుకుంటన్నాడు, సిగ్నల్ పడిందని నేను వెనక్కి తిరిగేననా? సిగ్నల్ పడితే ఏటయింది? గార్డు జెండా ఊపందే డ్రైవరు బండి తియ్యడు. ఆ బండి నా చేతిలో ఉంది. నిన్ను అడిగి, నీ మాట విని, నిదానంగా వచ్చి ఊపేవాణ్ణి. నేను వెనక్కి తిరిగింది సిగ్నల్ చూసి కాదు."

"మరేటి చూసి?"

"నాలుగడుగులు వేసేను. నువ్వు నన్నే చూస్తన్నావు. ఇంకో అడుగు వెయ్యబోతంటే కిటికీ రెక్కలు రెండూ దగ్గరకి లాగి మూసేసేవు. లోపల గడియ పెట్టిన చప్పుడు కూడా నాకు వినపడింది."

నరసమ్మ చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది.

"అది తెలిసే మళ్ళీ అడగడానికొచ్చేను," అన్నాడు త్రినాథరావు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "నా పెళ్ళాం బతికున్నన్నాళ్ళూ ఈ మాట అనుకోడం కూడా తప్పని నోరు మూసుకున్నాను. ఇప్పుడు అడుగుతన్నాను. నువ్వు వస్తావో రావో తరవాత. ముందు ఎందుకు మూసేవో చెప్పు."

ఆ రోజు తెల్లారినప్పటినుంచి దీపం పెట్టేదాకా ప్రతి నిమిషమూ నరసమ్మకి కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. కిటికీ మూసినట్టు మాత్రం గుర్తు లేదు.